తెల్ల వెలుగులో నల్ల గీత

నగేష్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. అలా పెట్టమని ముజఫ్ఫర్ అలీ చెప్పాడు.

"ఇంకోసారి చెప్పు. మంగళవారం పొద్దున హారాన్ని పెట్టెలో పెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"పెట్టె మూసింది?"

"నేనే."

"నా చేతికిచ్చింది?"

"అదిగూడ నేనే. మీరు నాతోని సంతకం తీస్కున్నరు గద సార్."

ముజఫ్ఫర్ అలీ తల తిప్పి, గుమ్మం దగ్గర నిలబడ్డ భరణి వైపు చూశాడు. "విన్నారు కదా. ఇంకా మీకేం పని ఇక్కడ?"

"నేనూ రెండు ప్రశ్నలు అడగాలి" అన్నాడు భరణి, కుర్చీ లాక్కుంటూ.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. దోహాలో, అల్ ముంతజా పేటలోని ఆ నగల షాపు మధ్యాహ్నానికి షట్టరు దించేసింది. వెనక గదిలో ముగ్గురే ఉన్నారు. ముజఫ్ఫర్ అలీ హైదరాబాద్ పోలీసుల్లో పద్నాలుగేళ్ళు చేసి వచ్చి షాపుకి సెక్యూరిటీ మేనేజరయ్యాడు. భరణిది కాకినాడ. షాపులోని నగలకి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీలో దర్యాప్తు అధికారి. దోహా వచ్చి తొమ్మిదేళ్ళయింది.

పోయింది షాపు యజమాని కుటుంబం మూడు తరాలుగా దాచుకున్న హారం. ఈ సముద్రంలోనే మునకలేసి తీసిన నలభై మూడు ముత్యాలు, చెక్కిన బంగారు కొక్కెం. వచ్చే నెల ఎగ్జిబిషన్ కేటలాగులో వెయ్యడానికి మంగళవారం ఫోటో స్టూడియోకి పంపారు. అదే రోజు తిరిగొచ్చింది. బుధవారం సాయంత్రం ముత్యాల నిపుణుడొకాయన చూసి, ఇవి గాజు పూసలన్నాడు.

"నాలుగింటికి పోలీసులొస్తారు. వీణ్ణి అప్పగిస్తా" అన్నాడు ముజఫ్ఫర్ అలీ. "స్టూడియోలో ఉన్నది ఇద్దరు. ఓనరు అమర్, లైట్లు పట్టుకునే ఈ నగేష్. పెట్టె సర్దింది వీడు. ఇందులో దర్యాప్తు ఏముంది?"

"మీరెక్కడున్నారు అప్పుడు?"

"ముందు గదిలో. తలుపు నా కళ్ళ ముందే ఉంది. పదింటికి తెచ్చా, పన్నెండుకి పది నిమిషాల ముందు తీసుకెళ్ళా. మధ్యలో ఎవరూ రాలేదు, పోలేదు."

"మంగళవారం ఇచ్చిన నకలు మంగళవారం పుట్టలేదుగా. నలభై మూడు పూసలు, ఒక్కొక్కటీ అసలు ముత్యమంత సైజులో. కొక్కెం మీద ఆకులు కూడా అచ్చు అలాగే ఉన్నాయి. కనీసం మూడు నెలల పని. నగేష్ ఆ హారాన్ని చూసింది రెండు గంటలు. మరి ఎవరు చేశారు, దేన్ని చూసి చేశారు?"

"అమర్ మీ దోస్తని ఊరంతా తెలుసు" అన్నాడు ముజఫ్ఫర్ అలీ. "దోస్తు స్టూడియో పేరు చెడకుండా చూస్తున్నారు మీరు."

"అమర్‌ని నేను అనుమానించడం లేదు. మీరూ అనుమానించడం లేదు. అక్కడికి ఇద్దరం సమానమే."

భరణి నగేష్ వైపు తిరిగాడు. ముప్ఫై దాటిన మనిషి. జగిత్యాల దగ్గర పల్లె. మూడేళ్ళు మెసయీద్‌లో సైటు మీద ఇనుప చువ్వలు మోశాడు. ఏదో కంపెనీ కోసం ఫోటోలు తియ్యడానికి అక్కడికెళ్ళిన అమర్, ఎండ కళ్ళల్లో పడకుండా నగేష్ ఒక రేకుని వంచి పట్టుకున్న తీరు చూసి, స్టూడియోకి తెచ్చుకున్నాడు. నాలుగేళ్ళయింది.

"మొదటి ఫోటో ఎప్పుడు తీశారు?"

"పదిన్నరకు పోలరాయిడ్ తీసినం సారూ. లైట్ మంచిగ వడ్డదా లేదా చూసుకోనీకి. తెల్ల పలక మీద తెల్ల ముత్యం పెడితె అంచు కనవడది, కలిసిపోతది. రెండు దిక్కుల నల్ల అట్టలు నిలవెట్టినం. అప్పుడు ముత్యం గుండ్రంగ లేచి కనవడ్డది."

"తర్వాత?"

"పదకొండింటి నుంచి పదకొండు ఇరవై దాక ఆరు తీసినం. అయినంక అమరన్న నన్ను డార్క్ రూముల ఫిల్ము ఇప్పమన్నడు. ఇప్పి కవర్ల పెట్టి బయటికొచ్చేసరికి పదకొండు ముప్పై అయిదు."

"అంటే పావుగంట హారం దగ్గర ఎవరున్నారు?"

"అన్న ఉండె."

"పెట్టె సర్దడం రోజూ నీ పనేనా?"

నగేష్ తల అడ్డంగా ఊపాడు. "కాదు సారూ. బంగారమైతె అన్ననే సర్దుతడు, నన్ను ముట్టనియ్యడు. గా దినం మాత్రం నువ్వే పెట్టు, నువ్వే సంతకం చెయ్యి, ఇగ నువ్వు పెద్దోనివైనవన్నడు." చెబుతుంటే అతని మొహంలో కొంచెం గర్వం కనిపించింది. ఇంత జరిగాక కూడా.

భరణి లేచాడు. "స్టూడియోకి వెళ్దాం. ముగ్గురం."

"వీడు కదలడు" అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

"మీ కారులో, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. నాలుగింటికి మళ్ళీ ఈ కుర్చీలోనే ఉంటాడు."

*

స్టూడియో ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక భవనం రెండో అంతస్తులో ఉంది. షాపు డ్రైవరు ఏసోబు కారు దగ్గరే ఉండిపోయాడు. ఒకటీ యాభైకి అమర్ తలుపు తీశాడు.

"రారా" అన్నాడు భరణిని చూసి. ఆ తర్వాతే మిగతా ఇద్దరినీ చూశాడు.

ఈ ఊరొచ్చిన కొత్తలో వాళ్ళిద్దరూ ఆరేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. భరణికి టైఫాయిడ్ వచ్చిన నెలంతా గంజి కాచి పోసింది అమరే. తెనాలి నుంచి ఒక్క కెమెరాతో వచ్చిన అమర్‌కి మొదటి బేరాలు తెచ్చిపెట్టింది భరణి. సెలవు రోజుల్లో అమర్ చెంచానో, గ్లాసునో బల్ల మీద పెట్టి, ఇందులో నీకు ఎన్ని కిటికీలు కనబడుతున్నాయిరా అని అడిగేవాడు. వస్తువుని కాదు, దాని మీద పడ్డ వెలుగుని చూడటం భరణికి అలా అబ్బింది.

"మంగళవారం ఎలా ఉందో అలా పెట్టగలవా?" అడిగాడు భరణి.

"ఏం కదల్చలేదు."

గది మధ్య బల్ల మీద తెల్ల యాక్రిలిక్ పలక ఉంది. దాని వెనక అంచు గోడలా పైకి వంగింది. బల్లకీ గోడకీ మధ్య గీత కనబడకుండా ఉండటానికే ఆ వంపు. పలక కింద ఒక దీపం. పైన పల్చటి తెల్ల గుడ్డతో చిన్న గుడారం. దానికి కుడి ఎడమల స్టాండ్ల మీద రెండు లైట్ పెట్టెలు. ఒక్కోటి మనిషి ఛాతీ అంత వెడల్పు, లోపల ఫ్లాష్, ముందు రెండు పొరల తెల్ల గుడ్డ. వెలుగు ఆ రెండు పొరల్లోంచి వడగట్టుకుని వస్తువు మీద మెత్తగా పడుతుంది. ఎదురుగా చెక్క కాళ్ళ మీద పెద్ద కెమెరా.

భరణి ఒంగి పలక కింద చూశాడు. గుడారం గుడ్డ ఎత్తి చూశాడు. తర్వాత మూలనున్న వెలుగు బల్ల దగ్గరికి వెళ్ళాడు. మంగళవారం తీసిన ఆరు ఫిల్ములూ ల్యాబ్ నుంచి వచ్చి అక్కడే ఉన్నాయి. స్విచ్ వేసి, భూతద్దం కంటికి ఆనించి ఒక్కోటీ చూశాడు. ఆరింటికీ పది నిమిషాలు పట్టింది.

"ఏముంది అందులో?" అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

"మీరూ చూడండి. ప్రతి ముత్యం మీదా రెండు తెల్ల మచ్చలున్నాయి. కుడి లైటుదొకటి, ఎడమ లైటుదొకటి. గాజు పూసలైతే అన్నీ సరిగ్గా గుండ్రంగా చేసినవి కాబట్టి మచ్చలన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి సాగింది, ఒకటి వంకర పోయింది. సముద్రంలో పుట్టిన ముత్యం సరిగ్గా గుండ్రంగా ఉండదు. ఆరో ఫోటోలో కూడా ఇవి అసలు ముత్యాలే."

"అంటే పదకొండు ఇరవై దాకా అసలుది ఇక్కడే ఉంది."

"ఉంది."

"పన్నెండుకి పది నిమిషాల ముందు నా చేతికొచ్చింది నకలు. మధ్యలో అరగంట. నేను పొద్దుట్నించీ చెప్తున్నది అదే కదా" అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

భరణి అమర్ వైపు చూశాడు. "ఆఖరి ఫోటో తీశాక నువ్వేం చేశావు?"

"ఫిల్ములు విప్పడానికి డార్క్ రూంలోకి వెళ్ళాను."

"హారం దగ్గర?"

"నగేష్."

నగేష్ తల పైకెత్తాడు. "అన్నా, లోపలికి పోయింది నేను గద?"

"మర్చిపోయావురా" అన్నాడు అమర్. అతని వైపు చూడలేదు. కెమెరా మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"మర్చిపోలే అన్నా. నువ్వే పొమ్మంటివి. తలుపు మీది ఎర్ర లైటు బుగ్గ పోయిందని నేను తిట్టుకుంటనే..."

"నగేష్, నోరు మూసుకో."

నాలుగేళ్ళలో అమర్ అతనితో ఆ గొంతుతో మాట్లాడటం భరణి వినలేదు.

భరణి బల్ల మీదున్న నల్ల కాగితం కవరు తీసి తిప్పాడు. డార్క్ రూంలో ఫిల్ములు పెట్టి, అంటించి ల్యాబ్‌కి పంపే కవరు అది. పని పూర్తయ్యాక ఫిల్ములతోబాటు తిరిగొస్తుంది. అంటించిన తెల్ల టేపు మీద పెన్నుతో తెలుగులో రాసి ఉంది: "ముత్యాలు. 6. టైం 11.35. నగేశు." అమర్ తెలుగులో రాయడు. అతనివన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలు.

భరణి ఆ కవరుని అమర్ ముందు పెట్టాడు. టేపు మీది టైం మీద వేలు ఆనించాడు.

అమర్ చూశాడు. "ముందే రాసి పెట్టుకుంటాడు వాడు."

"పదకొండు ముప్పై అయిదని ముందే తెలుసా?"

"నువ్వు నన్ను అడుగుతున్నావా ఇది?"

"ఇంకోటి కూడా అడుగుతాను. మే నెలలో పాలసీ రెన్యువల్‌కని ఇదే హారానికి ఫోటోలు తీయించాను. పక్కన స్కేలు పెట్టి, అసలు సైజులో. నాకు ఆరు ఫిల్ములిచ్చావు. నగేష్, ఆ రోజు కెమెరాకి ఎన్ని ఫిల్ములు నింపావు?"

నగేష్ అమర్ వైపు చూశాడు, భరణి వైపు చూశాడు. "ఆరు హోల్డర్లు సారూ. ఒక్కొక్క దాంట్ల రెండు. పన్నెండు."

"మిగతా ఆరు?"

"పాడయ్యాయి" అన్నాడు అమర్.

"ఆరూనా?"

"ఫిల్ము పాడవదా ఎప్పుడూ?"

నకలు దేన్ని చూసి చేశారని భరణి పొద్దుట్నించీ వెతుకుతున్నాడు. ముందూ, వెనకా, కొక్కెం, ప్రతి ముత్యం కొలత, అన్నీ దొరికే ఫోటోలు తీయించింది తనే. ఆ రోజు హారాన్ని ఈ గదికి తెచ్చింది తనే. సంతకం చేసి అమర్ చేతిలో పెట్టి, టీ తాగడానికి కిందికెళ్ళాడు. అమర్ దగ్గరుంటే తన దగ్గరున్నట్టే అనుకున్నాడు.

"ల్యాబ్‌లో స్లిప్పులుంటాయి" అన్నాడు అమర్, చెయ్యి తుడుచుకుంటూ. "పాడైన వాటికి కూడా రాస్తారు. ఎదురుగానేగా, తెచ్చి చూపిస్తా. అయిదు నిమిషాలు."

ముజఫ్ఫర్ అలీ పొమ్మన్నట్టు తలూపాడు. అతని దృష్టిలో దొంగ గదిలోనే ఉన్నాడు. భరణి ఆపగలిగేవాడే. ఆపలేదు. ఆ స్లిప్పులు నిజంగా ఉంటే బాగుండునని అతని మనసు కోరుకుంది.

మెట్ల మీద అమర్ అడుగులు దిగిపోయాయి.

భరణి గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ అట్ట మీద రెండు పోలరాయిడ్లు పక్కపక్కన గుచ్చి ఉన్నాయి. ఒకటి హారం, పదిన్నర. ఇంకోటి స్టీలు చేతిగడియారం, పన్నెండూ నలభై.

"ఇదేంటి?"

"గా దినమే, హారం షాపుకు పోయినంక తీసినం సారూ. వేరే షాపోళ్ళది."

గడియారం పక్క అంచు అద్దంలా మెరుస్తోంది. అందులో కుడి లైట్ పెట్టె తెల్లటి చదరంగా పడింది. ఆ చదరం కింది భాగంలో, కొడవలిలా వంగిన సన్నటి నల్ల గీత ఉంది. భరణి భూతద్దం పెట్టాడు. హారం పోలరాయిడ్‌లో ఏ ముత్యం మీదా అలాంటి గీత లేదు. గడియారం మీద ఉంది. పదిన్నరకి లేనిదేదో పన్నెండూ నలభైకి ఆ లైట్ పెట్టెలోకి వచ్చింది.

"నగేష్, కుడి లైటు వెయ్యి."

లైటు వెలిగింది. గుడ్డంతా తెల్లగా నిండింది. కింది అంచున మాత్రం కొంచెం బరువుకి సాగినట్టుంది. భరణి చుట్టూ అంటించిన పట్టీని చర్రున లాగి, రెండు పొరల మధ్య చెయ్యి పెట్టాడు. చిన్న గుడ్డ చుట్ట చేతికి తగిలింది. విప్పాడు.

ముత్యాల హారం. బంగారు కొక్కెం, ఆకుల చెక్కడం.

"యా అల్లా" అన్నాడు ముజఫ్ఫర్ అలీ నెమ్మదిగా.

నగేష్ వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. "గా చుట్ట నేనే పెట్టిన సారూ."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"గడియారం తీసే ముందు, ఏసీ గాలికి గుడ్డ కొట్టుకుంటుంది, ఇసుక మూట బరువు పెట్టుమని అన్న ఇచ్చిండు. చుట్టి ఇచ్చిండు. నేను ఇప్పి సూడలె. అన్న ఇచ్చినంక ఇప్పి సూసుడేంది?" అతను లైట్ పెట్టె వైపు చూశాడు. "నాతోనే పెట్టిచ్చిండా?"

ముజఫ్ఫర్ అలీ హారం అందుకున్నాడు. ఒక ముత్యాన్ని పై పళ్ళకి ఆనించి మెల్లగా రుద్దాడు. ఇంకోదాన్ని రుద్దాడు. అసలు ముత్యమైతే పంటికి సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది. మూడోది కూడా రుద్ది, హారాన్ని బల్ల మీద పడేశాడు.

"నున్నగా జారుతోంది. ఇది కూడా గాజే."

"రెండో నకలా?" భరణికి అర్థం కాలేదు. రెండో నకలు చేయించి లైట్ పెట్టెలో దాచడం దేనికి? ఎవరికి దొరకాలని?

గోడ గడియారం చూశాడు. రెండూ నలభై. అమర్ వెళ్ళి పావుగంట. అప్పుడు తట్టింది. ఎదురుగా ఉన్న ల్యాబ్, ఈ వీధిలోని ప్రతి షాపులాగే, ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసి ఉంటుంది.

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అమర్ కారు లేదు. ల్యాబ్ షట్టరు కిందికి దించి ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది ఏసోబు. చేతిలో పొడుగాటి కవరు.

"అమర్ గారు పోతా పోతా ఇచ్చారండి. పావుగంట ఆగి ముజఫ్ఫర్ సార్‌కి ఇమ్మన్నారు."

ముజఫ్ఫర్ అలీ కవరు చింపాడు. లోపల ఒకే కాగితం, అరబ్బీ టైపు. కింద నీలం సిరాతో తెలుగు సంతకం: నగేశు. పక్కన వేలిముద్ర.

"ఇది నీదేనా?"

నగేష్ చూశాడు. "నాదే. నిన్న పొద్దుగాల అన్న పెట్టిచ్చుకుండు. బతాకా, గదే ఇక్కడుండే కార్డు, రెన్యువలుకని చెప్పిండు. నాకు అరబ్బీ రాదు గద సార్."

ముజఫ్ఫర్ అలీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. చదువుతూ ఒకసారి కళ్ళెత్తి భరణిని చూశాడు. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి తెలుగు చేసి పైకి చదివాడు. గొంతులో కోపం లేదు. పోలీసు స్టేషన్లో రిపోర్టు చదివే గొంతు అది.

"మంగళవారం అసలు హారం తీసి నకలు పెట్టింది నేనే. నాతో ఈ పని చేయించింది ఇన్సూరెన్స్ కంపెనీ భరణి. మే నెలలో అతను ఫోటోలు తీయించింది నకలు చేయించడానికే. అతను ఇచ్చిన ఇంకో నకలుని కుడి చేతి లైట్ పెట్టెలో దాచాను. దర్యాప్తు పేరుతో భరణి స్టూడియోకి వస్తాడు. తనే కనిపెట్టినట్టు ఆ పెట్టె తెరుస్తాడు. హారం దొరికిందని మీకు అప్పగించి, కేసు మూసేస్తాడు. అసలు హారం అతని దగ్గరే ఉంది. నాకు భయమేసి మా ఓనరు అమర్‌కి నిజం చెప్పాను."

నగేష్ కాగితం వైపు చెయ్యి చాపాడు. "నేను చెప్పలె సారూ. గవి నా మాటలు కావు."

భరణి గోడ మీది పోలరాయిడ్ వైపు చూశాడు. హారం పక్కనే గడియారం. పోల్చి చూడటానికి వీలుగా పక్కపక్కనే గుచ్చి పెట్టాడు అమర్. ఆ గీత వేరెవరికీ కనబడదు. తనకి కనబడుతుందని అమర్‌కి తెలుసు. నేర్పింది అతనే.

"అతను ఎయిర్‌పోర్టుకి వెళ్తూ ఉంటాడు" అన్నాడు భరణి. "ఇప్పుడు ఫోన్ చేస్తే ఆపొచ్చు. కవరు మీద టైం చూడండి, ఫిల్ముల లెక్క చూడండి. ముజఫ్ఫర్ గారూ, మీరు పోలీసు పని చేసినవాళ్ళు."

"చేశాను. అందుకే అడుగుతున్నా." ముజఫ్ఫర్ అలీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దుట్నించీ భరణిని ‘మీరు’ అంటూ వచ్చిన మనిషి, ఇప్పుడు దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టి అన్నాడు.

"ఈ గదిలో ఇన్ని వస్తువులున్నాయి. నువ్వు సరిగ్గా ఆ పెట్టె దగ్గరికే ఎందుకెళ్ళావు?"

భరణి గడియారం అంచు మీది వెంట్రుకంత గీత గురించి చెప్పబోయి ఆగాడు. తన చెవులకే అది కట్టుకథలా వినబడింది.

"ఏసోబు, కింద తలుపు దగ్గర నిలబడు. ఎవర్నీ పోనివ్వకు" అన్నాడు ముజఫ్ఫర్ అలీ. గది తలుపు గడియ పెట్టి, కళ్ళు భరణి మీదనించి తిప్పకుండానే ఫోన్ అందుకున్నాడు. అవతల పోలీసు స్టేషన్లో ఎవరో ఎత్తారు. అతను అరబ్బీలో మాట్లాడాడు.

భరణికి అరబ్బీ అంతంతమాత్రమే. అయినా రెండు మాటలు స్పష్టంగా అర్థమయ్యాయి. ఒకటి తన పేరు. రెండోది, నాలుగింటి దాకా ఆగొద్దని.